టిక్కు తీసిన బాట

మా మ్యాపు సారు పోయారన్న వార్త పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో రెండు నెలలు ఆగితే ఆయన సొమ్మేం పోయేది? రెవెన్యూ వాళ్లు కొలతలకు వస్తామని మా ఊరికి కబురు పంపారు. వెంచరు గోడ కొట్టేస్తారని తేలిపోయింది. ఆ గోడ పడేటప్పుడు ఆయన అక్కడ నిలబడి చూడాలి, చూస్తున్న ఆయన మొహాన్ని నేను చూడాలి. ఇన్నాళ్లుగా నేను కోరుకున్నది ఆ ఒక్కటే. గుండెపోటు వచ్చిందట, పూట తిరక్కుండా తప్పించుకుపోయారు.

పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలంటారు. అనేవాళ్లు మాట్లాడుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

అత్తాపూర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. ఎక్స్‌ప్రెస్‌వే పిల్లరు నంబరు చెబితే ఆటోవాడు నేరుగా గుమ్మం ముందు దింపాడు. ఫ్రీజరు పెట్టెలో పడుకున్నా ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను కూడా ఎవరో అలాగే ఉంచారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. నేను దండ వేయలేదు, దండం పెట్టలేదు. నిజంగానే పోయారని నమ్మకం కుదిరేదాకా చూసి వచ్చేశాను.

మాది శంషాబాద్ దాటాక ఎయిర్‌పోర్టు గోడకు కాస్త ఎడంగా ఉన్న ఊరు. డిగ్రీ అయ్యాక కంప్యూటరు మీద మ్యాపులు చేసే కోర్సు చదివాను. రాజేంద్రనగర్‌లో ఏదైనా పని దొరుకుతుందని చూస్తుంటే, మా ఊరి పక్కనే ప్లాట్లు అమ్మే కంపెనీ వాళ్లు వెంచరు వేసి ఆఫీసు తెరిచారు. అక్కడ మ్యాపుల పని మొత్తానికీ పెద్ద ఈయన. కోస్తా నుంచి వచ్చి ఎన్నో ఏళ్ల కిందటే హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. అందరినీ అండీ అనేవారు, నన్ను మాత్రం అమ్మాయ్ అనేవారు.

ఆ మ్యాపు ఎలాంటిదో ముందు చెప్పాలి. గాజు పలకల మీద బొమ్మలు గీసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. అడుగున ఉపగ్రహం తీసిన ఫొటో. దాని మీద రోడ్లు ఒక లేయరు, చెరువులు ఒక లేయరు, సర్వే నంబర్లు, కరెంటు తీగలు, మా కంపెనీ ప్లాట్లు. ఎడమ పక్కన వాటి పేర్లన్నీ వరుసగా ఉంటాయి, ప్రతి పేరు ముందూ చిన్న గడి. గడిలో టిక్కు పెడితే ఆ లేయరు కనిపిస్తుంది, తీస్తే మాయమవుతుంది. పేరును మౌసుతో పట్టి పైకి లాగితే ఆ లేయరు పైకి వచ్చి కిందివాటిని కప్పేస్తుంది. ఎంత చిక్కగా, ఎంత పలచగా కనిపించాలో సర్దుకోవడానికి పక్కనే ఒక మీట. బ్రౌజరులో తెరుచుకునే మామూలు మ్యాపే, ఎవరైనా వారంలో నేర్చుకోవచ్చు. ఆయన చేతిలో పడితే మాత్రం అది వేరే వస్తువు.

కస్టమరు కారు గేటు దగ్గర ఆగిందంటే చాలు, ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసేవారు. గోడంత టీవీని పై మూల నుంచి మొదలుపెట్టి కింది మూలదాకా తుడిచేవారు. రుమాలు మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మౌసు మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. మేము ఆఫీసు పిల్లలం వెనక నుంచి నవ్వుకునేవాళ్లం. పూజలో కూర్చున్నారు, మాట్లాడకండే అనేది రిసెప్షన్ అమ్మాయి.

ఎరుపు రంగు వాడనిచ్చేవారు కాదు. వెంచరు మూల మీదుగా పెద్ద కరెంటు తీగలు పోతాయి. అలవాటు ప్రకారం నేను వాటిని ఎర్రగా పెట్టాను. ఆయన నా వెనక వచ్చి నిలబడ్డారు.

"ఎరుపు చూస్తే మనిషి గుండె పట్టుకుంటాడు అమ్మాయ్. మీగడ రంగు పెట్టు."

"కింద నేల కూడా అదే రంగుంది సార్. కనబడది."

"కళ్లున్నవాళ్లకి కనపడుతుంది. లేదని మనం అనలేదు కదా."

అబద్ధం ఆడకపోవడం ఆయనకు పెద్ద గొప్ప. నా నోటితో లేనిది ఉందని అననండీ, ఉన్నది లేదని అననండీ అని కస్టమర్ల ముందు కూడా చెప్పుకునేవారు. అది నిజమే. ఆయన నోరు ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, ఆ పనంతా వేళ్లే చేసేవి.

ఎయిర్‌పోర్టు ఎంత దూరమండీ అని ఎవరైనా అడిగితే ఆయన సమాధానం చెప్పేవారు కాదు. మౌసు చక్రం తిప్పి మ్యాపును దూరం జరిపేవారు. హైదరాబాద్ మొత్తం అరచేతిలో పట్టేంత చిన్నదైపోయాక, వెంచరుకీ రన్‌వేకీ మధ్య చిటికెన వేలు ఆనించి, మీరే చూడండి అనేవారు. ప్లాటు ఇరుకేమో అని కస్టమరు భార్య సందేహపడితే చక్రం అటు తిప్పి, టీవీ నిండా ఆ ఒక్క ప్లాటే వచ్చేదాకా దగ్గరికి తెచ్చి, లోపల నడవండి మేడం అనేవారు. అదే సమయానికి నెత్తి మీద విమానం పోతే మాట ఆపి, శబ్దం తగ్గేదాకా చిరునవ్వుతో ఆగి, చూశారా ఎంత దగ్గరో అనేవారు. విమానాల మోత గురించి అడుగుదామని వచ్చినవాళ్లు ఆ ప్రశ్న మింగేసేవారు. నాకు ఈ విద్యంతా ఆయనే నేర్పారు, కాదనను.

మధ్యాహ్నం టీవీ వెనక కుర్చీ వేసుకుని పెరుగన్నం తినేవారు. చివరన ఒక మజ్జిగ మిరపకాయ కరకరలాడించి, డబ్బా కడిగి, దాన్ని కూడా రుమాలుతో తుడిచేవారు. ఇంటికి ఫోను చేసి, తిన్నావా అని భార్యను అడిగి పెట్టేసేవారు. రోజూ అదే మాట. ఇంత పద్ధతైన మనిషి మీద పగ పెట్టుకోవడం చాలా కష్టమైన పని, నేను ఆ కష్టం పడ్డాను.

ఇక బాట సంగతి. మా ఊరి నుంచి పొలాలకు పోయే బండ్ల బాట ఒకటుంది. గ్రామం పాత నక్షలో అది చుక్కల గీతగా ఉంటుంది కాబట్టి మా వాళ్లు నక్షబాట అంటారు. అది ఎవరి పట్టా కాదు, ఊరందరిదీ. నేను బాపు అని పిలిచే మా నాన్నకు మిగిలిన రెండెకరాల చేను ఆ బాట చివరన ఉంది. కంపెనీ వాళ్లు వెంచరు చుట్టూ గోడ కడుతూ బాటను లోపల కలిపేసుకున్నారు. మిగతావాళ్లలో చాలామంది అప్పటికే అమ్ముకున్నారు, మా ఇల్లూ ఇంకో రెండు మూడు ఇళ్లూ చిక్కుపడిపోయాయి. ట్రాక్టర్ పోదు, ఆటో రాదు. బాపు టమాట డబ్బాలు నెత్తిన పెట్టుకుని పక్కవాళ్ల పొలాల గెట్ల మీద నడిచేవాడు. వానకాలం గెట్టు మీద కాలు జారి ఒకసారి డబ్బాతో సహా పడ్డాడు, మోకాలు ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోదు.

నేను ఆఫీసులో చేరిన కొత్తలోనే మ్యాపులో ఆ బాట కోసం వెతికాను. పేర్ల వరుసలో ఉంది. టిక్కు మాత్రం తీసేసి ఉంది. పెట్టాను, ఏమీ కనిపించలేదు.

"సార్, నక్షబాట లేయరు కనబడ్తలేదు."

"ఉందిగా వరుసలో."

"పేరు ఉంది సార్, బాట లేదు. టిక్కు పెట్టినా వస్తలేదు."

ఆయన వచ్చి చూశారు. బాటను అట్టడుగుకు లాగి, దాని మీద వెంచరు పచ్చ రంగును ఏమాత్రం పలచన చేయకుండా పరిచిందీ ఆయనే. తాను చేసిన పనిని ఎవరో వేరేవాళ్లు చేసినట్టు మెచ్చుకోలుగా చూసి తల ఊపారు.

"పైన మంచి లేయరుంటే కిందది కనపడదమ్మాయ్. లేయర్ల వరుస అంటే అదే. నేర్చుకో."

"గది మా బాట సార్. మా బాపు చేనుకు వేరే తొవ్వ లేదు."

"నేను తీసెయ్యలేదు కదా. ఎవరైనా అడిగితే ఉందనే చెప్తాను." టిక్కు మళ్లీ తీసేసి తన కుర్చీలోకి పోయారు.

నేను ఇంటికి వచ్చి చెబితే బాపు నమ్మలేదు. చదువుకున్న మనిషి, ఎదురుగా కూర్చుని చెబితే వింటాడన్నాడు. ఒక పొద్దున ఉతికిన ధోతి కట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. నేను లోపల గదిలో ప్రింటు తీస్తున్నాను. బయటకి వచ్చేసరికి బాపు చెప్పులు గుమ్మం అవతల విడిచి టీవీ ముందు నిలబడి ఉన్నాడు.

"చెప్పులతోనే రావాల్సింది పెద్దాయనా," అంటున్నారు సారు. "బాట సంగతి చూద్దాం. ముందు మీ చేను ఎక్కడో చూపించండి."

"ఇందుల మా ఊరు ఏదయ్యా?"

"ఇదిగోండి."

బాపు ఊరి మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. "గీడికెళ్లి గిట్లవోతే పోచమ్మ గుడి. గాడ దాటినంక మా పాలోళ్ల మడి. ఇగ గీ తాన..."

సారు చక్రం తిప్పారు. మ్యాపు బాపు వేలి కింద నుంచి జారిపోయింది. బాపు వేలు తీసి, ఊరిని వెతుక్కుని, మళ్లీ మొదలుపెట్టాడు. సారు ఈసారి అటు తిప్పారు. మూడోసారి బాపు వేలు ఆగినచోట పొడుగ్గా తెల్లటి గీతలున్నాయి.

"రన్‌వే మీద టమాటా వేశారా పెద్దాయనా?"

మార్కెటింగ్ పిల్లలు పగలబడి నవ్వారు. బాపు కూడా ఏమీ అర్థంకాక నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మరిచిపోను.

"సార్, ఆయన మా బాపు," అన్నాను.

నవ్వులు ఆగాయి. సారు మొహంలో మాత్రం ఒక్క గీత కూడా మారలేదు. "అరెరె, ముందే చెప్పొద్దూ అమ్మాయ్! కూర్చోండి పెద్దాయనా. మంచి టీ తెప్పిస్తాను." మ్యాపును ఊరి దగ్గరికి మాత్రం తిప్పలేదు. బాపు మర్యాదకు ఆ టీ తాగి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని కాసేపు కూర్చుని లేచాడు.

బయట దిగబెట్టడానికి వెళ్లాను. చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "నీ సారు మర్యాద తెల్సినోడే బిడ్డా. గని నేను ఏలు వెట్టినప్పుడల్ల భూమి ఎందుకు జరుగుతుంది? నా చేను యాడుందో నాకు తెల్వదా?"

"తెలుసు బాపు. ఆయనే జరుపుతుండు."

"ఎందుకు?"

బాపు రెండో చెప్పు కూడా తొడుక్కుని, ఈ నౌకరీ ఇడిసిపెట్టు బిడ్డా, గీ పరేషాన్ మనకద్దు అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. పగ తీర్చుకోవాలంటే మనిషికి దగ్గరగా ఉండాలి. మరునాడు పొద్దున ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ సార్ అన్నాను.

ఆయనకు ఆ సంగతి గుర్తే లేదని నాకు తొందరలోనే తెలిసిపోయింది. మిగతా వెంచర్లకు కూడా మ్యాపులు చేసేవారు. ఒకచోట వాగు, ఒకచోట స్మశానం, ఒకచోట పైపులైను. టిక్కు తీయడం ఆయనకు టీవీ తుడవడం లాంటిదే. తరువాత కంపెనీ కొత్త సాఫ్ట్‌వేరు కొన్నది. పాత మ్యాపు నుంచి లేయర్లు మార్చుకునేటప్పుడు ఆయన టిక్కు ఉన్నవాటిని మాత్రమే తెచ్చుకున్నారు. నక్షబాట పేరు కూడా వరుసలోంచి పోయింది. అది ఎటునుంచి ఎటు పోయేదో ఆ ఆఫీసులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

అప్పుడే కంపెనీ పాత ఉద్యోగులకు తక్కువ ధరకు ప్లాట్లు ఇస్తామంది. మొదట ఎంచుకునే అవకాశం సారుకు ఇచ్చారు. ఆయన ఆ వారం రోజులూ పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని మ్యాపు చూస్తూ తిన్నారు. కొలిచే పరికరం తీసుకుని పొడుగు, వెడల్పు, రోడ్డు, పార్కు అన్నీ కొలిచారు. కస్టమర్లకు చూపించేటప్పుడు వాడే తిప్పుళ్లన్నీ తన ముందు తానే తిప్పుకున్నారు. దూరం జరిపి ఎయిర్‌పోర్టు ఎంత దగ్గరో చూసుకుని మురిసిపోయారు. దగ్గరికి తెచ్చి ఇల్లు ఎంత విశాలంగా వస్తుందో చూసుకున్నారు. చివరికి పార్కు పక్కన ఒక ప్లాటు మీద మౌసు ఆగింది.

బాట సరిగ్గా దాని నడుమ నుంచి పోతుంది.

ఆయన భార్యకు ఫోను చేశారు. తూర్పు ముఖం, పక్కన పార్కు, నీ తులసికోటకి చోటుంది అని చెప్పారు. ఆయన గొంతు వణకగా విన్నది అప్పుడే. ఫోను పెట్టి నా వైపు తిరిగారు.

"ఎలా ఉంది అమ్మాయ్?"

"మంచిగుంది సార్."

ఆయన ఎలా ఉందని అడిగారు, నేను దానికే బదులు చెప్పాను. అడిగినదానికే జవాబివ్వాలని నాకు నేర్పింది ఆయనే. ఆ సాయంత్రం ఆయన ఆఫీసంతటికీ పాలకోవా పంచారు. నేను రెండు తిన్నాను. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు ఏ బాధా లేదు.

రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఓపిక పట్టి, అయిన మరుసటి వారం ఉద్యోగం మానేశాను. ఎక్కడికెళ్లినా లేయర్ల వరుస మరిచిపోకు అని చెప్పి పంపించారు. మరిచిపోలేదు. ఊరివాళ్లు ఎప్పుడో పెట్టుకున్న అర్జీ మండలాఫీసులో మూలుగుతోంది. నేను పాత నక్షను సంపాదించి ఉపగ్రహం ఫొటో మీద సరిగ్గా కూర్చోబెట్టాను. నక్షబాటను అన్నిటికంటే పైకి లాగాను, రంగు ఎరుపు పెట్టాను, చిక్కదనం మీటను చివరిదాకా జరిపాను. ఆ ప్రింటు పట్టుకుని, బాపునూ ఇద్దరు పెద్దమనుషులనూ వెంటబెట్టుకుని మండలాఫీసు మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ఇవాళ రండి, రేపు రండి అన్నారు. పోయాం. ఆఖరికి కొలతకు ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడు సారు పోయారు.

కొలత రోజు వచ్చింది. సర్వేయరు నక్ష చూసుకుంటూ వెంచరుకు అడ్డంగా సున్నంతో రెండు గీతలు వేయించాడు. కంపెనీ వాళ్లు కాసేపు అరిచి, ఫోన్లు చేసుకుని, కార్లెక్కి పోయారు. జేసీబీ గోడను రెండు చోట్ల నెట్టేసింది. ఊరివాళ్లు ఈలలు వేశారు. నేను మాత్రం గోడ పడుతుంటే చుట్టూ చూశాను, ఆయన లేని లోటు ఆ ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలిసింది.

దుమ్ము తగ్గాక చూస్తే, సున్నపు గీతల మధ్య ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. నన్ను చూసి గుర్తుపట్టి దగ్గరికి పిలిచింది.

"నువ్వు ఆ రోజు ఇంటికొచ్చావు కదమ్మా. ఆయన ఆఫీసులో చేసేదానివి. మా ప్లాటు ఎక్కడో కాస్త చూపిస్తావా? ఇవాళ కొలతలని తెలిసి వచ్చాను, నేనెప్పుడూ చూడలేదు. ఫోనులో చెప్పడమే గానీ ఆయనకి తీసుకొచ్చే తీరిక దొరకలేదు."

"మీరు నిలబడ్డదే మేడం."

ఆమె చుట్టూ చూసింది. మొహం విప్పారింది. "ఇదేనా? పార్కు అదేనన్నమాట. మరి ఈ తెల్లగీతలేంటమ్మా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఎన్నో ఏళ్లుగా తయారుగా ఉంది. మాట మాట కూర్చుకుని, ఎక్కడ ఆగాలో కూడా చూసుకుని పెట్టుకున్నాను. ఆయన మొహం మీద అనాల్సినవి.

"బాట మేడం. మా ఊరిది. మీ ప్లాటు బాట మీదుంది. మ్యాపుల బాట కనబడకుంట చేసింది సారే. చేసి, ఆయనే మర్చిపోయి, ఆయనే కొనుక్కున్నరు. నేను చూస్తనే ఉన్న, చెప్పలే."

ఆమె కవరును రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. గోడ పడిన సందులోంచి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. బాపు చాలా ఏళ్ల తరువాత తన చేనుకు ట్రాక్టర్ మీద పోతున్నాడు. వెనకాల ట్రాలీలో ఊరి ఆడవాళ్లు నిలబడి పాడుతున్నారు. దారిలో మనిషిని చూసి హారన్ కొట్టాడు.

"జర పక్కకు జరగుండ్రి మేడం. ట్రాక్టర్ వస్తుంది."

"ఎటు జరగమంటావమ్మా?" అంది ఆమె. "మాది ఎక్కడిదాకానో నాకు తెలియదు."

అది కొలవకుండా చెప్పగలిగిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. పార్కు పక్కన సున్నపు గీతకు అవతల చీర వెడల్పు పట్టీ ఒకటి మిగిలింది. అటు చూపించాను. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గీత తొక్కకుండా దాటి, ఆ పట్టీ మీద నిలబడింది. అక్కడ నిలబడాల్సిన మనిషి ఆమె కాదు. నాకు ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, బాపును చూసి నవ్వినరోజు కూడా.

ట్రాక్టర్ ఆమె పక్కకు వచ్చి నెమ్మదించింది. బాపు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి ఆమె వైపు తల వంచాడు.

"మాకు బాటిచ్చినవు తల్లీ. సల్లగుండు," అన్నాడు.

ఆమె తిరిగి దండం పెట్టింది. ఆమె ఎవరో బాపుకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.